మా బ్రెయిలీ ప్రింటర్ మళ్లీ నడుస్తోంది

అందరికీ నమస్కారం.

నెలన్నర క్రితం ఒక సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి లోపల మడమ లోతు నీళ్లు. రాత్రెప్పుడో పై అంతస్తులో పైపు పగిలింది. నీళ్లు సరిగ్గా బ్రెయిలీ ప్రింటర్ మీదే కారాయి. పరీక్షలు రాయబోయే, చూపు లేని పిల్లల కోసం మా చిన్న సంస్థ అచ్చేసిన సైన్సు పుస్తకాలు, ఇంకా బైండింగ్ కానివి, ఆ పక్కనే అట్టపెట్టెల్లో ఉన్నాయి.

మామూలు పుస్తకం తడిస్తే ఆరబెట్టుకుని, మరకలతోనైనా చదువుకోవచ్చు. బ్రెయిలీ అలా కాదు. కాగితం మీద లేచి ఉన్న చుక్కలే అందులో అక్షరాలు. ఒక్కో గడిలో 6 చుక్కలకు చోటు ఉంటుంది, అక్షరాలైనా అంకెలైనా ఆ ఆరింటి కలయికలే. కాగితం నానితే చుక్క అణిగిపోతుంది. మా దగ్గర ప్రూఫ్ చదివే అక్కకు చూపు లేదు. పైనున్న పేజీ ఒకటి తీసుకుని, తడిని అరచేత్తో అద్ది, వేళ్లు ఆనించి ఎడమ నుంచి కుడికి వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి తడిమింది. "ఇందులో ఏమీ లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

టెక్నీషియన్ వచ్చి చూసి బోర్డు, మోటారు, కాగితం మీద చుక్కలు పొడిచే భాగంలో సగం మార్చాలన్నాడు. ఆయన రాసిచ్చిన ఎస్టిమేట్ మా మూడు నెలల మొత్తం ఖర్చంత ఉంది. బిల్డింగ్‌కు ఇన్సూరెన్స్ ఉంది కానీ అది గోడలకూ కప్పుకే, లోపలి సామానుకు వర్తించదు. ఆ సంగతి మాకు ఆ రోజే తెలిసింది.

"మీకు విరాళాలు వస్తాయి కదా, ఖాతాలో డబ్బు లేదా?" అని చాలామంది అడిగారు. ఉంది. ఒక దాత ఇచ్చింది టీచర్ల శిక్షణకు, మరొకరు ఇచ్చింది ఆడియో పుస్తకాల రికార్డింగ్‌కు. ఏ పని కోసం తీసుకున్నామో ఆ పనికే ఖర్చు పెడతామని సంతకం చేసి తీసుకున్న డబ్బు అది. అందులోంచి రిపేరుకు తీస్తే మాట తప్పినట్టే, ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సిందే. కనీసం మూడు నుంచి ఆరు నెలల ఖర్చు రిజర్వుగా ఉంచుకోవాలని పెద్దలు చెబుతారు. ఆ సలహా సరైనదే. కానీ వచ్చే ప్రతి విరాళమూ ఏదో ఒక ప్రాజెక్టు పేరు మీదే వస్తుంటే, ఆ రిజర్వు ఎందులోంచి పక్కన పెట్టాలి? చిన్న సంస్థలు నడిపేవాళ్లందరికీ ఈ ఇబ్బంది తెలుసు. కొత్త మిషన్ కొనిస్తామనేవాళ్లు దొరుకుతారు. పాతదాన్ని బాగు చేయిస్తామనేవాళ్లు దొరకడం చాలా కష్టం.

మాలాగే చిన్న సంస్థ నడుపుతున్న ఒకావిడ విషయం తెలిసి ఫోన్ చేశారు. ఇలాంటి అనుకోని ఖర్చుల కోసమే అత్యవసర గ్రాంట్ ఇచ్చేవాళ్లున్నారని, ఈ రోజే అప్లై చేయమని చెప్పి, ఫారం కూడా ఆవిడే పంపారు. అమ్మా, ఆ ఫోన్ రాకపోతే మాకు దారి తెలిసేది కాదు.

ఫారం రెండు పేజీలే. ఇలా జరుగుతుందని ముందే తెలిసే వీలుందా? ఈ ఖర్చు పెట్టకపోతే ఏ పని ఆగుతుంది, ఎవరికి ఆగుతుంది? ఇంకెక్కడ అడిగారు? అంతే. ఏళ్ల తరబడి ఉన్న లోటుకో పాత బాకీలకో ఇలాంటి నిధి సాధారణంగా ఇవ్వరు. నిప్పు, వరద, దొంగతనం, ఉన్నట్టుండి మిషన్ పాడవడం లాంటి వాటికే ఇస్తారు. నీళ్లు ఎత్తిపోయకముందే మా వాలంటీర్ కుర్రాడు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచాడు. అవే మాకు పెద్ద ఆధారమయ్యాయి. మాకు లెక్కలు రాసే అన్న ఒక రాత్రంతా కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు, నిరుటి ఆడిట్ రిపోర్టు, కమిటీ తీర్మానం అన్నీ సిద్ధం చేశాడు. రెండో ఎస్టిమేట్ కావాలంటే ఇంకో టెక్నీషియన్ పైసా తీసుకోకుండా వచ్చి చూసి రాసిచ్చాడు.

ఆరో రోజు ఫోన్ వచ్చింది. మాట్లాడినావిడ ప్రింటర్ గురించి వివరంగా అడిగారు. చివర్లో, "మీ వాళ్లకు ఈ నెల జీతాలు ఇచ్చారా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. పాడైన కాగితం స్థానంలో కొత్తది కొనడానికి చేతిలో ఉన్నదంతా పెట్టేశాం, ఇద్దరికి జీతం ఇవ్వలేదని చెప్పాను. "అది కూడా ఫారంలో చేర్చి మళ్లీ పంపండి" అన్నారు.

తొమ్మిదో రోజు డబ్బు ఖాతాలో పడింది. ముందుగానే, మొత్తం ఒకేసారి. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తాం అనే పద్ధతి చాలాచోట్ల ఉంది. చేతిలో డబ్బు లేకనే అడిగేవాళ్లకు దానివల్ల ఉపయోగం లేదు. వీళ్లు మమ్మల్ని నమ్మి ముందే ఇచ్చారు. ఆ నమ్మకానికే నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

విప్పి చూస్తే మోటారు బాగానే ఉంది, కొంత డబ్బు మిగిలింది. తిరిగి పంపమంటారా అని ఉత్తరం రాశాం. ప్రింటర్‌ను పైపుకు దూరంగా, ఎత్తు బల్ల మీదకు మార్చడానికి వాడుకోమని జవాబు వచ్చింది. ఇప్పుడది కిటికీ పక్కన, నడుము ఎత్తులో ఉంది. ప్రతి ఖర్చుకూ బిల్లుతో సహా నివేదిక పంపేశాం. ఎవరు చూడాలన్నా ఆఫీసులో కాపీ ఉంది.

గ్రాంట్ ఇచ్చినవాళ్లు తమ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆ సాయం చేసిన మీరు ఇది చదువుతుంటే, మీ గురించేనని మీకు తెలుస్తుంది. మా అందరి తరఫున చేతులెత్తి నమస్కారం. పుస్తకాలు ఆలస్యమైనా ఒక్క మాట అనకుండా ఆగిన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు కూడా.

సైన్సు పుస్తకం బ్రెయిలీలో నాలుగు భాగాలు వచ్చింది. నిన్న సాయంత్రం నాలుగో భాగంలో ఆఖరి పేజీ అక్క చేతికిచ్చాం. చివరి వరుస దాకా వేళ్లతో చదివి, పేజీని పక్కన పెట్టి, "చుక్కలు గట్టిగా ఉన్నాయి, బైండింగ్‌కు ఇచ్చేయండి" అంది.