సెవిల్‌కి ఒక్క పూట చాలదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతుంటే మీ పత్రికలో యూరప్ టూర్ల ప్రకటనలు ఎక్కువవుతున్నాయి. ఈమధ్య వాటిలో స్పెయిన్ పేరు కూడా తరచుగా కనిపిస్తోంది. మాడ్రిడ్, టొలేడో, కోర్డోబా, సెవిల్, గ్రనాడా, బార్సిలోనా అన్నీ ఒక్క వారంలో చూపిస్తామంటున్నారు. నేను కూచిపూడి నేర్పే దాన్ని. సెవిల్‌ని మొదట అలాంటి టూర్‌లోనే చూశాను. మా అమ్మాయికి మాడ్రిడ్‌లో ఉద్యోగం వచ్చాక మళ్ళీ తీరిగ్గా వెళ్ళి చూశాను. డబ్బు కట్టబోయే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ టూర్‌లో మేము మధ్యాహ్నం మూడింటికి సెవిల్ చేరాం. 1929 అంతర్జాతీయ ఎగ్జిబిషన్ కోసం కట్టిన ప్లాసా దె ఎస్పాన్యా అనే పెద్ద చౌకు దగ్గర బస్సు ఆపి, ఫొటోలు తీసుకోమన్నారు. తర్వాత కేథడ్రల్‌ని, అంటే ఊరి ప్రధాన చర్చిని, బయటినుంచి చూపించారు. ఏడింటికల్లా ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం పెట్టి, ఊరి చివర హోటల్లో దింపేశారు. సెవిల్ జనం ఇళ్ళలోంచి బయటికొచ్చే వేళకి మేము గదుల్లో తలుపులు వేసుకున్నాం. పొద్దున్నే మళ్ళీ బస్సు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళిన ఊరిని అలా చూపించడం అన్యాయం.

సెవిల్ ప్లాన్ వేసేవాళ్ళు మొదట చూడాల్సింది అక్కడి గడియారాన్ని. స్పెయిన్ ఉన్న చోటుని బట్టి చూస్తే దాని టైము లండన్‌తో కలవాలి. 1940లో జర్మనీ టైముకి మార్చారు, మళ్ళీ వెనక్కి తిప్పలేదు. అందుకే జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. నాలుగు దాటాక చాలా హోటళ్ళలో పొయ్యి ఆర్పేస్తారు, మళ్ళీ ఎనిమిదింటి దాకా వంట దొరకదు. చిన్న దుకాణాలూ మధ్యాహ్నం మూసేస్తారు. సరిగ్గా ఆ మూసేసిన వేళలోనే మన బస్సులు ఊళ్ళోకి వస్తాయి. ఎండలో రాళ్ళ వీధుల్లో తిప్పి, చల్లబడ్డాక తీసుకుపోతారు. జూలై, ఆగస్టుల్లో అక్కడ నలభై డిగ్రీలు మామూలే. రెంటచింతల ఎండ ఎరిగిన మనవాళ్ళు కూడా మధ్యాహ్నం రెండింటికి ఆ వీధుల్లో నడవలేరు. కాబట్టి పొద్దున చూడాల్సినవి చూసి, నిదానంగా భోంచేసి, నాలుగు నుంచి ఏడు దాకా గదిలో పడుకోవాలి. పడుకుంటే రోజు పోతుందని బాధపడక్కర్లేదు. అక్కడ అసలు సాయంత్రం ఎనిమిదింటికి మొదలవుతుంది.

పొద్దున పూటకి కేథడ్రల్, అల్కాసర్ అనే రాజుల కోట చాలు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే పొద్దుట రెండూ ముగించాలంటే హడావుడి అవుతుంది, రెండు పొద్దుటలకి పంచుకుంటే మంచిది. అల్కాసర్ టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, ఏ గంటకి లోపలికి వెళ్తామో అప్పుడే ఎంచుకోవాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఆ కోట లోపలి మహల్‌ని 1364లో మొదలుపెట్టి కట్టించింది పెద్రో అనే క్రైస్తవ రాజు. కట్టిన పనివాళ్ళలో గ్రనాడా నుంచి, టొలేడో నుంచి వచ్చినవాళ్ళున్నారు. గోడల మీద అరబ్బీ అక్షరాలు, కింద రంగురంగుల పలకలు, వాటి మధ్యలో ఆ రాజు చిహ్నాలు. ఆ పలకల్ని ఒక్కొక్కటిగా చూస్తూ పోతే గంట ఎలా గడిచిందో తెలియదు. టూర్ గైడు చేతిలో జెండా పట్టుకుని ముందు నడుస్తుంటే ఇది కుదరదు.

కేథడ్రల్ టికెట్టులోనే హిరాల్డా గోపురం కూడా కలిసి ఉంటుంది. అది పన్నెండో శతాబ్దంలో మసీదు మినారుగా కట్టింది. ఎత్తు వంద మీటర్లు దాటుతుంది. ఎత్తు విని మనలో పెద్దవాళ్ళు కిందే కూర్చుండిపోతారు. నిజానికి లోపల చివరి కొద్ది మెట్లు తప్ప మిగతా దారంతా ఏటవాలుగానే ఉంటుంది. గుర్రం మీద ఎక్కేందుకు వీలుగా అలా కట్టారట. ప్రతి మలుపు దగ్గరా గోడ మీద నంబరు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా వదిన ఆ నంబర్లు లెక్కపెట్టుకుంటూ, కిటికీ దగ్గరల్లా ఆగుతూ పైదాకా వచ్చింది. ఈ సంగతి ఒక్క టూర్ కాగితంలోనూ రాయరు, పైగా 'పెద్దలకు అనుకూలం కాదు' అని కొట్టిపారేస్తారు. నాకు అందుకే కోపం.

ఇక తిండి. మనవాళ్ళకి శాకాహారం దొరకదని భయపెట్టి, పూటపూటకీ ఇండియన్ రెస్టారెంటుకే తిప్పుతారు. పెద్దవాళ్ళకీ పిల్లలకీ అది అవసరమే, నేను కాదనను. పులిహోర పొడి, ఆవకాయ డబ్బా నా సూట్‌కేసులోనూ ఉన్నాయి. అయినా ఒక్క మధ్యాహ్నమైనా ఊరి తిండి తినాలి. సెవిల్‌లో పాలకూర, శనగలు కలిపి జీలకర్ర, వెల్లుల్లితో వండే కూర ఉంది, ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ అంటారు. వేయించిన రొట్టెని నూరి అందులో కలుపుతారు, దాంతో చిక్కబడుతుంది. చిన్న మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ తెచ్చిపెడతారు. జీలకర్ర వాసనకే మా వదిన మొహం విప్పారింది. వంకాయ ముక్కల్ని పిండిలో ముంచి వేయించి పైన చెరుకు పానకం పోసి ఇస్తారు, అదీ బాగుంటుంది. ఒక్కచోటే కూర్చుని కడుపు నింపుకోకుండా, ఒక్కో చోట ఒకటి రెండు చిన్న ప్లేట్లు తిని పక్క వీధికి నడవడం అక్కడి పద్ధతి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మాంసం వద్దని చెబితే సరిపోదు. పంది తొడ మాంసంతో చేసే హమోన్‌ని, చేపని చాలామంది మాంసం కింద లెక్కెయ్యరు. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద హమోన్ ముక్కలు, గుడ్డు చల్లుతారు. మామూలు సలాడ్‌లో కూడా ట్యూనా చేప వేసేస్తారు. 'సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ వేవో' అని విడివిడిగా చెప్పాలి, అంటే హమోన్ వద్దు, ట్యూనా వద్దు, గుడ్డు వద్దు అని. ఈ మూడు ముక్కలూ తెలుగు అక్షరాల్లో రాసిన చీటీ ఒకటి పర్సులో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

నా అసలు బాధ ఫ్లమెంకో గురించి, అంటే పాట, గిటారు, నాట్యం కలిసిన అక్కడి కళ గురించి. టూర్లలో 'డిన్నర్‌తో ఫ్లమెంకో షో' అని అదనంగా డబ్బు తీసుకుని పెద్ద హాలుకి తీసుకెళ్తారు. నేనూ కట్టాను. ప్లేట్ల చప్పుడులో పాట వినపడలేదు, మైకుల్లోంచి గిటారు ఒక్కటే మోగింది. తర్వాతిసారి మా అమ్మాయి నది ఇవతల పాత వీధుల్లో ఒక చిన్న గదికి తీసుకెళ్ళింది. మైకు లేదు, తిండి లేదు, వేదిక చెక్కది, ముందు వరసలో కూర్చుంటే నర్తకి చెప్పుల కింద కొట్టిన మేకులు కనిపిస్తాయి. ఒకాయన పాట, ఒకాయన గిటారు, పక్కన ఇద్దరు చప్పట్లు. ఆ చప్పట్లే అక్కడ తాళం. సొలెయా అనే రకంలో పన్నెండు అక్షరాల ఆవర్తనం ఉంటుంది, దెబ్బలు మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద పడతాయి. తకిట తకిట తక తక తక అని చెప్పుకుంటూ, ప్రతి గుంపులో చివరి అక్షరం మీద చప్పట్లు కొట్టి చూడండి, సరిగ్గా కూర్చుంటుంది. మన దగ్గర నట్టువాంగం, పాట జతుల్ని ముందే నిర్ణయించుకుంటాయి, పాదం వాటికి తగినట్టు పడుతుంది. అక్కడ నర్తకి కాలితో ఒక పిలుపు ఇస్తుంది, గిటారాయన, పాటగాడు ఆ పిలుపుకి మలుపు తిరుగుతారు. నాట్యం నేర్పే మనిషిగా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొందరు గైడ్లు ఫ్లమెంకో అంతా మన దేశం నుంచే వెళ్ళిందని చెప్పి మనవాళ్ళతో చప్పట్లు కొట్టించుకుంటారు. అలా చెప్పడం సరికాదు. ఫ్లమెంకోతో పేరు ముడిపడ్డ జితానోల, అంటే స్పెయిన్‌లోని రోమా జనం, పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట వాయవ్య భారతం నుంచి బయల్దేరారని భాషా పరిశోధనలు చెబుతున్నాయి. స్పెయిన్‌కి పదిహేనో శతాబ్దంలో చేరారు. నది అవతలి త్రియానా పేట వాళ్ళు చాలాకాలం ఉన్న చోటు, 1950ల తర్వాత చాలా కుటుంబాల్ని అక్కడినుంచి తరలించేశారు. అయితే ఫ్లమెంకో పాటలో సెవిల్ ఉన్న దక్షిణ ప్రాంతం అండలూసియా పల్లెల పాటలూ, అక్కడ శతాబ్దాల పాటు వినిపించిన ఎన్నో సంగీతాలూ కలిసిపోయాయి. ఆ మనుషుల కష్టాన్ని మన గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

టూర్ కంపెనీలకు మీ పత్రిక ద్వారా ఒకటే విన్నపం. సెవిల్‌కి కనీసం రెండు రాత్రులు ఇవ్వండి, హోటల్ ఊరి మధ్యలో చూడండి, చిన్న గదిలో జరిగే ఫ్లమెంకోకి టికెట్టు ముందే కొనండి. ప్రకటనలో ఏ చోటుకి ఎన్నింటికి చేరుస్తారో గంటతో సహా అచ్చు వేయండి. డబ్బు కట్టేవాళ్ళు కూడా అడగాలి: కేథడ్రల్ లోపలికి టికెట్టు ఉందా? ఈస్టర్‌కి ముందు వారంలో గానీ, ఆ తర్వాత వచ్చే వసంత జాతర రోజుల్లో గానీ వెళ్తున్నామా? ఆ రెండింటప్పుడూ ఊరు కిక్కిరిసి, గదుల అద్దెలు బాగా పెరుగుతాయి.

నాట్యం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఇంకో సంగతి. సెవిల్‌లో 1980 నుంచి ఫ్లమెంకో బియనాల్ అనే ఉత్సవం జరుగుతోంది. రెండేళ్ళకోసారి, సరి సంవత్సరాల్లో, సెప్టెంబరులో. అప్పటికి ఎండ కాస్త తగ్గుతుంది. మీ ఆదివారం అనుబంధంలో దాని గురించి ఒక పేజీ వేస్తే, మా తెనాలి నుంచే నలుగురైదుగురు పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు సిద్ధంగా ఉన్నారు.

— ఒక కూచిపూడి నాట్యాచార్యురాలు, తెనాలి