ఫిజియోథెరపిస్టుకు నేర్పే సమయం ఇవ్వండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక్కసారి వార్డులో నిలబడి చూడండి. డిశ్చార్జి కాగితంలో బీపీ మాత్ర, షుగర్ మాత్ర, రక్తం పల్చన చేసే మాత్ర, ఏది ఎప్పుడు వేసుకోవాలో అన్నీ ఉంటాయి. అట్టడుగున ‘ఫిజియోథెరపీ చేయించుకోవాలి’ అని ఒక్క ముక్క. ఏం చేయాలి, రోజుకు ఎన్నిసార్లు చేయాలి, ఏం చేయకూడదు అన్నది చాలాసార్లు ఎక్కడా ఉండదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, మనిషిని ఆటో ఎక్కించడానికి ఇంట్లోవాళ్ళు ముందుగా పట్టుకునేది ఆ పడిపోయిన చేతినే. పట్టుకుని పైకి లాగుతారు.

భుజం కీలులో గిన్నె లోతు తక్కువ. చేతి ఎముక గుండు అందులో నిలబడేది చుట్టూ ఉన్న కండరాల బిగువు వల్లే. పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లో ఆ బిగువు పోతుంది. చేతి బరువుకే గుండు కిందికి జారుతుంది. భుజం కొన దిగువన వేలితో తడిమి చూస్తే, కొందరిలో ఒక వేలు పట్టేంత సందు తగులుతుంది. ఆ స్థితిలో లాగితే కీలు చుట్టూ ఉన్న పొర సాగి దెబ్బతింటుంది. కొన్నాళ్ళకు నొప్పి మొదలవుతుంది. నొప్పి పుట్టే చేతిని రోగి కదపనివ్వడు, కదపని భుజం బిగుసుకుపోతుంది. తీరా మెదడు కోలుకుని చేతిలోకి కాస్త కదలిక వచ్చేసరికి కీలు కదలదు. ఈ నష్టంలో చాలా భాగాన్ని ఆపగలిగేది పది నిమిషాల పాఠం. చెప్పాల్సింది ఫిజియోథెరపిస్టు. చెప్పే తీరిక ఆయనకు మన ఆసుపత్రుల్లో దొరకడం లేదు. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కళాశాలల్లో ఉన్న ఫిజియోథెరపిస్టులం ఈ లేఖ రాస్తున్నాం.

మా విభాగాల రిజిస్టర్లలో మామూలుగా పేరు, వయసు, జబ్బు, ఇచ్చిన చికిత్స, సిట్టింగుల సంఖ్య అని గడులుంటాయి. నెలాఖరున పైకి వెళ్ళేది సిట్టింగుల మొత్తం. నొప్పి తగ్గడానికి సన్నటి కరెంటు పంపే యంత్రం (ఐఎఫ్‌టీ) ప్యాడ్లు అతికించి 15 నిమిషాలు ఉంచితే ఒక సిట్టింగు. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పడం ఆయన భార్యకు 40 నిమిషాలు దగ్గరుండి నేర్పినా ఒక సిట్టింగే. బయట వరుసలో ముప్పై మంది నిలబడి ఉంటే ఫిజియోథెరపిస్టు దేనికి మొగ్గుతాడో మీకు చెప్పనక్కర్లేదు. జనం కూడా ‘కరెంటు పెట్టించుకోవడానికి వచ్చాం’ అంటారు. ఆ మాటలో వాళ్ళ తప్పేమీ లేదు. మనం వాళ్ళకు అలవాటు చేసింది అదే.

యంత్రాలు పనికిరావని మేం అనడం లేదు. నొప్పి కాస్త తగ్గించి వ్యాయామానికి వీలు కల్పిస్తాయి. కానీ మోకాళ్ళ నొప్పులతో వచ్చిన పెద్దావిడకు ‘గుజ్జు అరిగింది’ అని చెప్పి, పది రోజులు కరెంటు పెట్టి పంపితే, తొడ ముందు కండరం ఎంత నీరసంగా ఉందో అంతే నీరసంగా ఉంటుంది. మెట్లెక్కగానే నొప్పి మళ్ళీ వస్తుంది. ఆవిడకు కావాల్సింది: కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు పట్టి ఉంచడం. పూటకు 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. కాగితం మీద ఇది రెండు వాక్యాలు. చేయించి చూస్తే చాలామంది మోకాలిని నొక్కడానికి బదులు తుంటిని పైకి లేపుతుంటారు. తొడ మీద ఆవిడ చేతినే పెట్టించి, కండరం గట్టిపడటం ఆవిడకే తెలిసేలా చేస్తే అప్పుడు పట్టుబడుతుంది. మర్నాడు మళ్ళీ చేయించి చూడాలి. వారానికొకసారి వ్యాయామాన్ని ఇంకాస్త కష్టతరం చేయాలి. బలం తెలిసి రావడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది.

పక్షవాతం విషయంలో నేర్పాల్సింది ఇంకా ఎక్కువ. మొదటి రోజు గంటల తరబడి వ్యాయామం చేయించకూడదు. తొలి 24 గంటల్లో మరీ ఎక్కువగా లేపి తిప్పితే మేలు కంటే కీడే జరగవచ్చని 2015లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ఆ రోజు చేయాల్సింది పడుకోబెట్టే తీరు నేర్పడం. పడిపోయిన వైపుకు తిప్పి పడుకోబెట్టాలంటే చేతిని పట్టి లాగకూడదు. రెక్క ఎముక కింద మన అరచెయ్యి పెట్టి భుజాన్ని ముందుకు తేవాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు చేతి కింద ఒక్కటే కాదు, భుజం వెనక కూడా చిన్న దిండు ఉండాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మార్చినప్పుడల్లా నడుం కింది ఎముక, తుంటి, మడమ, చీలమండ చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే చర్మం ఇంకా దెబ్బతినలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే, ఇక ఆ వైపు పడుకోబెట్టకూడదు. చర్మం నల్లగా ఉన్నవాళ్ళలో ఈ ఎరుపు సరిగా కనబడదు. అలాంటప్పుడు వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తాకి చూడాలి. మడమల కింద నీళ్ళు నింపిన గ్లౌజులు, నడుం కింద గాలి ట్యూబులు పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాం. ట్యూబు అంచు చుట్టూ ఒత్తి రక్తం ఆడకుండా చేస్తుంది. పిక్క కింద దిండును పొడుగ్గా పెట్టి, మడమ గాలిలో తేలేలా ఉంచితే పైసా ఖర్చు లేదు.

తర్వాత లేచి నిలబడటం. ఇంట్లో మంచం ఎత్తు తక్కువైతే కోళ్ళ కింద ఒక్కో ఇటుక కదలకుండా పెట్టమంటాం. రోగి మంచం అంచుకు జరగాలి. పాదాలను వెనక్కి లాక్కోవాలి, మడమలు మోకాళ్ళ కంటే వెనక ఉండాలి. ముక్కు కాలి వేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి, అప్పుడు పైకి. పట్టుకునేవాళ్ళు పడిపోయిన వైపు నిలబడి, తమ మోకాలిని ఆ మోకాలికి అడ్డుపెట్టి, నడుముకు కట్టిన బెల్టునో తువ్వాలునో పట్టుకోవాలి. చంకల్లో చేతులు వేసి ఎత్తకూడదు. చాలామంది తలా నడుమూ నిటారుగా పెట్టి లేవబోయి వెనక్కి పడతారు, బలం లేక లేవలేదనుకుంటారు. నిజానికి చాలినంత వంగకపోవడమే కారణం. పిడికిలి బిగుసుకుపోతున్న చేతికి మెత్తటి బంతి ఇచ్చి పిసకమనడం మరో తప్పు. ముడిచే కండరాలు ముందే బిగుసుకుని ఉన్నాయి. ఆ చేతికి నేర్పాల్సింది విప్పడం, గ్లాసు అందుకోవడం, వదలడం.

ఇదంతా ఒక్క రోజులో చెబితే ఎక్కదు. రోజుకొక్క అంశం. చూపించాలి, వాళ్ళ చేత చేయించాలి, మనం చేతులు కట్టుకుని చూడాలి. ఆ మూడోది అన్నిటికంటే కష్టం. రోగి లేవడానికి పెనుగులాడుతుంటే ఎత్తేయాలని చేతులు ముందుకు వెళతాయి. ఆయన తన బలంతో లేవడానికి ఇంకో నాలుగు సెకన్లు కావాలి. పడకుండా చూసుకుంటూ ఆ నాలుగు సెకన్లు ఆగగలగడాన్నే మేం ఈ వృత్తిలో దయ అంటాం. వరుసలో ముప్పై మంది ఉన్నప్పుడు ఆ దయకు చోటు లేదు.

విద్యార్థుల సంగతీ ఇంతే. కండరం బలానికి 0 నుంచి 5 వరకు గ్రేడ్లని మొదటి ఏళ్ళలోనే చదువుతారు. చేతిని భూమ్యాకర్షణకు ఎదురుగా పైకెత్తితే 3. పరీక్షలో అందరూ సరిగ్గానే రాస్తారు. వార్డులో రోగి భుజాన్ని చెవి వైపు ఎగరేసి, నడుం పక్కకు వంచి చెయ్యి లేపినట్టు కనిపిస్తే, దానికీ 3 వేసేస్తారు. ఒక చెయ్యి రెక్క ఎముక మీద పెట్టి చూడరా అని పక్కన నిలబడి చెప్పే గురువు ఉంటేనే ఆ కన్ను తెరుచుకుంటుంది. మన దగ్గర కాలేజీలో పాఠం చెప్పేవారికి రోగులు చాలినంత మంది ఉండరు, ఆసుపత్రిలో రోగుల్ని చూసేవారికి పాఠం చెప్పే సమయం ఉండదు. మధ్యలో ఇంటర్న్‌లు యంత్రాల స్విచ్చులు వేసి తీస్తుంటారు. కొత్త జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) ఐదేళ్ళు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంతకు ముందు అది ఆరు నెలలే. పెరిగిన ఆరు నెలలూ స్విచ్చుల దగ్గరే గడిచిపోతే పిల్లలకు కలిగే మేలు లేదు.

బెర్టా బొబాత్ పేరు మా విద్యార్థులందరికీ తెలుసు. 1907లో బెర్లిన్‌లో పుట్టి, యూదురాలు కావడంతో నాజీల కాలంలో లండన్‌కు వెళ్ళిన వ్యాయామ శిక్షకురాలు. 1940లలో పక్షవాతం వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేస్తూ, బిగుసుకున్న చెయ్యి ఏ భంగిమలో సడలుతోందో గంటలు గంటలు గమనించారు. ఫిజియోథెరపిస్టుగా అర్హత పొందింది ఆ తర్వాత, 1950లో. డాక్టరైన భర్త కారెల్‌తో కలిసి సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న పిల్లల కోసం కేంద్రం పెట్టి, దేశదేశాల ఫిజియోథెరపిస్టులకు నేర్పారు. ఆమె సిద్ధాంతంలో కొంత భాగం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. పనిని పనిలాగే పదే పదే చేయించడం మేలని ఇవాళ ఎక్కువగా చెబుతున్నాం. ఆ తేడా తేల్చుకోగలిగింది కూడా ఆమె తన పద్ధతిని దాచుకోకుండా అందరికీ నేర్పి, పరీక్షకు నిలబెట్టినందువల్లే. మన దగ్గర పాతికేళ్ళ అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు రిటైరైతే, ఆ చేతుల్లో ఉన్నది ఎవరికీ అందకుండానే ఇంటికి వెళ్ళిపోతుంది. ఏడాదికేడాది రెన్యూవల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు ఉద్యోగి పక్కన శిష్యుడిని పెట్టుకుని తీరిగ్గా నేర్పుతాడని ఎలా అనుకోగలం?

ఇక మీ చేతుల్లో ఉన్న పని చెబుతాం. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద ప్రభుత్వం నెలకు రూ.15,000 ఇస్తోంది. ఆ కుటుంబాలకు అది ఎంత ఆసరానో మాకు తెలుసు, ఒక్క రూపాయి తగ్గకూడదు. నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి వాళ్ళ గడపలోకే వెళ్ళి అందిస్తున్నారు. అంటే రాష్ట్రంలో ఫిజియోథెరపీ అత్యవసరమైనవారి పేర్లు, ఇళ్ళతో సహా, ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆ జాబితానే తీసుకుని, ఒక్కో ఇంటికి మొదటి నెలలో నాలుగుసార్లు, తర్వాత మూడు నెలలకొకసారి ఫిజియోథెరపిస్టు వెళ్ళేలా చేయండి. వెంట ఇద్దరు ఇంటర్న్‌లు, ఆ ఊరి విలేజ్ క్లినిక్‌లో పనిచేసే ఆరోగ్య ఉద్యోగి (ఎంఎల్‌హెచ్‌పీ) ఉండాలి. రోగికి చికిత్స, ఇంటివాళ్ళకు పాఠం, ఇంటర్న్‌కు చదువు, ఎంఎల్‌హెచ్‌పీకి శిక్షణ ఒక్క గడపలోనే జరుగుతాయి. పింఛను తనిఖీకి వచ్చారేమోనని జనం భయపడకుండా, ఈ రాకకూ పింఛను అర్హతకూ సంబంధం లేదని ఉత్తర్వులోనే స్పష్టంగా రాయాలి. లేకపోతే ఎవరూ లేచి నిలబడి చూపించరు.

ఆ ఇళ్ళలోనే చక్రాల కుర్చీలను కూడా చూడాలి. శిబిరాల్లో అందరికీ ఒకే కొలత కుర్చీ పంచడం వల్ల జరిగే హాని చాలామందికి తెలియదు. సీటు వెడల్పు తుంటి వెడల్పు కంటే రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఎక్కువ ఉండకూడదు. మించితే మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, ఎదిగే పిల్లలైతే వెన్ను వంకర పోతుంది. సీటు లోతు పిరుదుల వెనక నుంచి మోకాలి వెనకదాకా కొలిచి, అందులో మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు తగ్గించాలి. లోతు ఎక్కువైతే మోకాలి వెనక ఒత్తుకుంటుంది, అది తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారి నడుం కింది ఎముక మీద కూర్చుంటాడు, అక్కడే పుండు పడుతుంది. కొలిచేవారు లేకుండా కుర్చీ ఇవ్వకండి. పిల్లల పాదం, కాలు సరైన తీరులో ఉండేలా కట్టే ప్లాస్టిక్ స్ప్లింట్లూ అంతే. విప్పాక ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే అది సరిపోవడం లేదని అర్థం. ఎదిగే పిల్లలకు ఏడాది లోపే బిగుతైపోతుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఈ మాట తల్లులకు చెప్పే ఫిజియోథెరపిస్టు వారానికొక పూట వచ్చిపోతే సరిపోదు.

చట్టాలకు కొదవ లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తులవారి నమోదు చూసే రాష్ట్ర కౌన్సిల్ ఉండాలంటోంది. వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రికి 10 పడకల వార్డు, ఫిజియోథెరపిస్టు ఉండాలంటోంది. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లోనూ ఆ పోస్టు ఉంది. ఈ పోస్టులన్నీ రెగ్యులర్ ప్రాతిపదికన నింపి, కౌన్సిల్ పూర్తిస్థాయిలో పనిచేసేలా చూడమని అడుగుతున్నాం.

కొత్త రోగికి తొలిరోజు 40 నిమిషాలు కేటాయిస్తూ, రిజిస్టర్‌లో రెండు గడులు పెంచుతూ ముందుగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఒకటి, ‘ఇంట్లో ఎవరికి ఏం నేర్పారు’. రెండోది, ‘వాళ్ళు చేసి చూపించారా’. ఆ రెండు గడులూ నిండనిదే పక్షవాతం రోగి డిశ్చార్జి కాగితం మీద సంతకం పడకూడదు. సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. ఆ తేదీ లోపు ఏదైనా ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. కాగితం నమూనా, ఇంటివాళ్ళకు ఇచ్చే బొమ్మల కరపత్రం, ఎంఎల్‌హెచ్‌పీలకు రెండు రోజుల శిక్షణ పాఠం మేం తయారుచేసి ఇస్తాం. ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం.

ఇట్లు,
ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న, కళాశాలల్లో పాఠం చెబుతున్న కొందరు ఫిజియోథెరపిస్టులు