రోహిణి కార్తెలో మొక్కలు నాటించకండి: తమిళనాడు అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

చెన్నై పెరంబూరులో చాలా కాలంగా ఉంటున్న తెలుగు కుటుంబం మాది. ఈ లేఖ తమిళ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడం ఇక్కడి మనవాళ్ల కోసం. జూన్ వచ్చిందంటే కాలనీ సంఘం తరఫున మొక్కలు పట్టుకుని బయల్దేరేవాళ్లలో మేమూ ఉంటాం మరి.

విన్నపం ఒక్కటే. చెన్నైలో మొక్కలు నాటే పని జూన్‌లో ఆపించి, సెప్టెంబరుకు మార్పించండి.

జూన్ 5 పర్యావరణ దినోత్సవం. మా పంచాంగంలో అప్పటికి రోహిణి కార్తె ఇంకా నడుస్తూ ఉంటుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. కత్తిరి (మే నెల అగ్ని నక్షత్రపు ఎండలు) వెళ్లిపోయినా ఆ రోజుల్లో నగరంలో ఎండ 40 డిగ్రీలు తాకడం మామూలే. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన లేత మొక్కను తెచ్చి, ఆ ఎండలో తారు రోడ్డు పక్కన పెడుతున్నాం. ఫొటోలు మాత్రం బాగా వస్తాయి.

హైదరాబాద్‌కో బెంగళూరుకో ఈ లెక్క సరిపోతుంది. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం జులై మొదటి వారంలో జరుగుతుంది. తెలంగాణ హరితహారం 2015లో మొదలైందీ జులైలోనే. అవన్నీ నైరుతి వానలను నమ్ముకున్న ప్రాంతాల తేదీలు. మనకు ఏడాదికి పడే సుమారు 1400 మిల్లీమీటర్లలో దాదాపు 60 శాతం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య ఋతుపవనాలు ఇచ్చేదే. జూన్, జులైలలో సాయంత్రాలు ఉరిమి నాలుగు చినుకులు రాల్తాయి, కాదనను. వాటిని నమ్ముకుని ట్యాంకర్ మానేస్తే మొక్క దక్కదు.

'ఉత్తర చూసి ఎత్తర గంప' అంటారు మా రైతులు. సెప్టెంబరు రెండో సగంలో వచ్చే ఉత్తర కార్తెకీ వాన లేకపోతే ఇక ఊరు వదిలి పొమ్మని. చెన్నైలోనూ గంప ఎత్తాల్సింది అప్పుడే, కాకపోతే మొక్కలతో. అప్పటికి ఎండ మెత్తబడుతుంది, సాయంత్రపు జల్లులకు నేల గుల్లబారి ఉంటుంది, ముందు మూడు నెలల వాన ఉంటుంది.

మా వీధిలో ఒక సంస్థవాళ్లు జూన్‌లో నాటి వెళ్లిన కానుగ మొక్క ఆగస్టుకల్లా పుల్లయింది. పట్టుకుంటే చేతికి వచ్చేసింది. అడుగున నల్ల కవరు సగం అలాగే ఉంది. వేళ్లు ఆ కవరులోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి, ఒక్కటీ బయటి మట్టిలోకి పోలేదు. పైగా టైల్స్ మధ్య తవ్విన ఆ గుంత జానెడు లోతు కూడా లేదు. కవరు కోయకపోవడం ఋతువు తప్పు కాదు లెండి. కానీ చల్లటి కాలంలో ఇలాంటి పొరపాట్లను తట్టుకుని కొన్ని మొక్కలైనా బతుకుతాయి. జూన్ ఎండ ఆ అవకాశం ఇవ్వదు. డొనేషన్ ఇచ్చినవాళ్ల పేరున్న ట్రీ గార్డు మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది.

అలాగని మరీ ఆలస్యం చేసినా చిక్కే. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఎన్నేళ్ల చెట్లను పడగొట్టిందో మీకు తెలుసు. నవంబరులో నాటిన మొక్క వేరు పట్టేలోపే అలాంటి గాలి వస్తుంది. వేళచ్చేరి లాంటి పల్లపు చోట్ల అయితే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. అందుకే అక్టోబరు మొదటి వారం దాటకూడదు. నాటిన ప్రతి మొక్కకూ ఊతకర్ర ఉండాలి.

రోడ్ల కోసం, మెట్రో కోసం పెద్ద చెట్లను తీసి వేరే చోట నాటే పనిలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి. చెట్టు చుట్టూ కందకం తవ్వి, వేళ్లను విడతలుగా కోసి, కొత్త పిల్లవేళ్లు వచ్చేదాకా కొన్ని వారాలు ఆగాలి. తర్వాతే మట్టిగడ్డ చెదరకుండా గోనెపట్టా చుట్టి క్రేన్‌తో ఎత్తాలి. కాంట్రాక్టరుకు సైటు ఏప్రిల్‌లో కావాలంటే ఏప్రిల్‌లోనే పెకిలిస్తున్నారు. నడివేసవిలో వేళ్లు పోగొట్టుకున్న చెట్టుకు ఎన్ని ట్యాంకర్లు పోసినా ఏం లాభం? ఈ గడువులు టెండరు షరతుల్లోనే రాయించండి.

రాష్ట్ర పచ్చదనాన్ని 33 శాతానికి పెంచే గ్రీన్ తమిళనాడు మిషన్‌ను 2022లో ప్రారంభించింది సెప్టెంబరు 24న, వండలూరులో. అంటే సరైన నెల ప్రభుత్వానికి తెలియంది కాదు.

జూన్ 5న ఏం చేయాలంటారా? గుంతలు తవ్వించండి, మూడడుగుల లోతున. మట్టి ఎండకు ఆరాక పశువుల ఎరువు కలిపి పూడ్చుకోవచ్చు. కిందటేడు నాటిన వాటిలో ఎన్ని బతికాయో వార్డుల వారీగా ఆ రోజే ప్రకటించండి. నాటిన లెక్కలు ఇప్పటికే చాలా విన్నాం. సెప్టెంబరుకు ఐదారడుగుల మొక్కలు కావాలి కాబట్టి, నర్సరీలకు ఆర్డర్లు ముందే వెళ్లాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టించండి.

ఇట్లు,
పెరంబూరు నివాసి