అన్నిటికీ డిక్రీజ్ ఒక్కటేనా?

సంపాదకులు గారికి,

మీ పేపర్లో పిల్లల కోసం వేసే ఇంగ్లిష్ పాఠాల్లో పెరగడానికి బోలెడు మాటలు ఇస్తున్నారు, తగ్గడానికి మాత్రం డిక్రీజ్ ఒక్కటే. గోదావరి పక్కన ఉన్నవాళ్లకి అది అస్సలు చాలదండీ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగుల కిందకి దిగి రెండో ప్రమాద హెచ్చరిక తీసేస్తే వరద రిసీడ్ అయినట్టు, అంతర్వేదిలో ఆటు వేళ సముద్రం వెనక్కి వెళ్తే ఎబ్, పౌర్ణమి దాటాక చంద్రుడు వేన్ అవుతాడు, వలలో పులసలు ఏటేటా పలచబడితే డ్విండిల్. ఒకదాని చోట ఇంకోటి పెడితే అంత బాగా కుదరదు.

నాకు మరీ నచ్చింది సబ్‌సైడ్. వరద తీసినా అదే మాట, నేల కుంగినా అదే మాట. పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకి రావడం తగ్గింది, కుంగే నేలని మళ్లీ నింపే మట్టి చాలడం లేదు కాబట్టి ఆ రెండో అర్థం కూడా మన పిల్లలకి తెలియాలి (కోరుకునేది కాదనుకోండి).

టేపర్ కూడా వేయండి. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవాళ్లకి డాక్టర్లు డోసు మెల్లమెల్లగా తగ్గించడాన్ని అలాగే అంటారు, ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం కూడాను. వచ్చే వారం పాఠంలో వీటిలో రెండు మూడైనా ఇస్తారా, మన కోనసీమ ఉదాహరణలతో?

ఒక పాఠకుడు, రాజోలు