పాస్టరైన కొడుక్కి అమ్మ రాసిన ఉత్తరం

చిన్నా,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఆదివారం ఆరాధనలు, వారమంతా కుటుంబ ప్రార్థనలు, మధ్యలో ఆస్పత్రికి పరుగులు. "నేను పడుకుంటే దేవుని పని ఆగిపోతుందమ్మా" అన్నావు. ఆ మాటే నన్ను బాధపెట్టింది.

మార్కు సువార్త 6వ అధ్యాయం మళ్ళీ చదువు. ఐదు రొట్టెలతో యేసయ్య వేలమందికి అన్నం పెట్టిన సంగతి ఎన్నోసార్లు బోధించి ఉంటావు, దానికి ముందున్నది చూడు. సువార్త పనిమీద వెళ్ళొచ్చిన శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేదు. యేసయ్య వాళ్ళను ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. ఇంకా ఊళ్ళు మిగిలాయని అనలేదు. తీరా పడవ దిగేసరికి జనం ముందే వచ్చి ఉన్నారు. కాపరి లేని గొర్రెల్లా ఉన్న వాళ్ళను చూసి ఆయన విసుక్కోలేదు, కనికరపడ్డాడు. పొద్దు వాలాక శిష్యులేమన్నారు? వీళ్ళను పంపించెయ్యమన్నారు. నాకైతే అది అలసటే మాట్లాడినట్టు ఉంటుంది. నీ నోట ఆ మాట వచ్చే రోజు వస్తుందేమోననే నా భయమంతా.

ఆయన జనాన్ని వందేసి, యాభైయేసి మంది చొప్పున కూర్చోబెట్టించి, ఆ శిష్యుల చేతనే వడ్డింపించాడు. అందరూ తిన్నాక శిష్యులను పడవెక్కించి, తాను ప్రార్థనకు కొండెక్కాడు.

ఇశ్రాయేలు ప్రజల నాయకుడు మోషే సంగతీ అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో ఊరుకోలేదు. నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. ప్రజలు కూడా అన్నాడు, గమనించావా నాన్నా?

మన దోర్నకల్ అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యారు. అంతటి మనిషి, కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని చెప్పించేవారు. చదువురాని కూలివాళ్ళకు కూడా ఆ పని అప్పగించారు.

నీ సంఘంలో స్త్రీల సమాజం ఉంది. కుటుంబ ప్రార్థనలు వాళ్ళు నడపగలరు. యౌవనస్థులు ఆస్పత్రికి వెళ్ళి రోగుల్ని చూసి రాగలరు. మొదట్లో తడబడితే పక్కన కూర్చుని నేర్పు, మధ్యలో లాక్కోకు.

సోమవారం వేళకు తిని పడుకో. ఫోన్ ఎవరైనా సంఘపెద్దకు అప్పజెప్పు. ఎవరింట్లోనైనా చావు కబురు వస్తే మాత్రం లేచి వెళ్ళు, ఆ విశ్రాంతి మంగళవారం తీసుకో.

మీ అమ్మ