పాప వైద్యానికి వసూలైన చందాల జమా ఖర్చులు (2026 మార్చి 31 వరకు)

పర్లాకిమిడిలో మన వీధివాళ్లకు, బజారు వర్తకులకు, సంతల్లో డబ్బా పట్టుకు తిరిగినవాళ్లకు, బయట ఊళ్ల నుంచి సొమ్ము పంపినవాళ్లకు కమిటీ నమస్కారాలు.

మన వీధిలో ఐదేళ్ల పాపకు నిరుడు శ్రావణంలో రక్త క్యాన్సర్ అని తేలింది. అప్పటి నుంచి ఈ మార్చి నెలాఖరు దాకా వచ్చిన సొమ్ము ఎంత, అది ఎక్కడెక్కడ ఖర్చయింది అన్నది ఈ కాగితం. ఇదే లెక్క ఒడియాలో కూడా రాసి పక్కనే అంటించాం. ఇచ్చినవాళ్లలో ఒడియా ఇళ్లు తక్కువేం కాదు.

పాప పేరు, ఇంటిపేరు, ఫోటో ఇందులో ఉండవు. మొదటిరోజే వాళ్లమ్మ అడిగిన మాట అది. రేపు బడికి వెళ్లాల్సిన పిల్లని ఊరంతా జబ్బు పేరుతో పిలవకూడదని ఆవిడ భయం. ఒక పెద్దమనిషి 10,000 రూపాయలు ఇచ్చి, పాప పక్కన నిలబడి ఫ్లెక్సీ వేయించుకుంటానన్నారు. ఆ డబ్బు ఆయనకే తిరిగి పంపేశాం కాబట్టి జమలో కనిపించదు.

జమ

వీధిలో ఇంటింటికీ రసీదు మీద వచ్చినది 1,12,400
బజారు వర్తకుల నుంచి 64,500
హైదరాబాదు, చెన్నై, సూరత్‌లలో ఉన్న మనవాళ్లు ఫోన్‌పేలో పంపినది 91,750
వినాయక చవితి చందాలో మిగిల్చినది 38,000
హైస్కూలు పిల్లల డబ్బా 7,340
గుప్తదానం 15,000
బ్యాంకు వడ్డీ 1,126
మొత్తం జమ 3,30,116 రూపాయలు.

చవితి చందా గురించి ఒక మాట. నిరుడు పందిరి చిన్నది వేశాం, డీజే పెట్టలేదు, నిమజ్జనానికి ఒక్క డప్పుల మేళమే. కుర్రాళ్లు కొంచెం గునిశారు గానీ మిగిలిన డబ్బు తెచ్చి కమిటీ చేతిలో పెట్టింది కూడా వాళ్లే.

రూపాయల్లో చూపలేని జమ ఇంకొకటి ఉంది. పాప నాన్న కొండ ఊళ్ల సంతల్లో గాజులు, రిబ్బన్లు అమ్ముతాడు. నెలల తరబడి ఆయన రాకపోయేసరికి సవరవాళ్లు ఆరా తీసి, విషయం తెలిసి, కందులు, చోళ్లు, చింతపండు మూటలు కట్టి పంపారు. వాటికి వెల కట్టడం కమిటీకి తప్పనిపించింది. కొంత విశాఖ గదికి, కొంత ఇక్కడ పాప నానమ్మ దగ్గరికి చేర్చాం.

ఖర్చు

ఆసుపత్రిలో కార్డు కిందికి రాని పరీక్షలు, మందులు 58,310
విశాఖలో వంట సరుకులు, గ్యాసు, గిన్నెలు 52,600
విశాఖలో గది అద్దె, కరెంటు 48,870
ఇక్కడి ఇల్లు నడవడానికి నెలకు 4,000 చొప్పున ఎనిమిది నెలలకు 32,000
ప్రయాణాలు 31,420
రక్తం, ప్లేట్‌లెట్ల ఛార్జీలు, ఇచ్చినవాళ్ల దారిఖర్చు 21,900
పాప అన్న స్కూలు ఫీజు, పుస్తకాలు 6,800
థర్మామీటర్లు, మాస్కులు, సబ్బులు, టోపీలు, బొమ్మల పుస్తకాలు వగైరా 4,260
జెరాక్సులు, అఫిడవిట్లు, స్టాంపులు 2,340
రసీదు పుస్తకాలు 600
మొత్తం ఖర్చు 2,59,100 రూపాయలు.

ఇది చూడగానే చాలామంది అడిగిందే ఇంకా కొందరు అడుగుతారు. ఈమధ్య టీకొట్టు దగ్గర ఒకాయన మొహం మీదే అనేశారు: "ఏటి బావూ, మందులకని మేమిస్తే అద్దెలు కట్టేస్తన్నారట?" అవును, కట్టాం. ఎందుకో చెబుతాం.

పాపది పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం రక్త క్యాన్సరే, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. తగ్గని జ్వరం, పాలిపోవడం, కాళ్ల నొప్పులు, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లమచ్చలు, ఇలా మొదలైంది. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో రక్తం చూసి అనుమానం చెప్పారు. అక్కడి నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లారు. అది ముంబయి టాటా మెమోరియల్ వారిది. కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సర్ ఆసుపత్రి ఉండగా విశాఖ ఎందుకన్నారు కొందరు. మనకు కటక్ కంటే విశాఖ దగ్గర. రెండోది, పాప తల్లికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఏది చూస్తే పరుగెత్తుకు రావాలో డాక్టరమ్మ చెప్పేది ఆ తల్లికే కదా.

ఈ జబ్బుకి మందులు ఒకసారి ఎక్కించి ఇంటికి పంపేయరు. మొదటి నెలలో వారం వారం ఇంజెక్షన్లు, రోజూ స్టెరాయిడ్ మాత్రలు, జబ్బు మెదడుకి ఎక్కకుండా వెన్నులో మందు. ఆ తర్వాత ఇంకా కొన్ని దశలు నెలల తరబడి సాగుతాయి. అవి అయ్యాక సుమారు రెండేళ్లు ఇంటి దగ్గర మాత్రలు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు లొంగదీయడం చాలా కష్టం. పూర్తిగా చేయించుకున్న పిల్లల్లో ఎక్కువమంది బాగుపడి బడికి పోతున్నారు. మన దేశంలో కొన్ని కుటుంబాలు సగంలో మానేస్తున్నాయి. మందు దొరక్క కాదు. ఊరు కాని ఊళ్లో ఉండడానికి చోటు లేక, పని పోయి, ఇంటి దగ్గర ఇంకో పిల్లవాడిని చూసే దిక్కు లేక. అందుకే కమిటీ దృష్టిలో అద్దె కూడా మందే. ఈ విషయంలో మేం ఎవరితోనూ రాజీపడలేదు, పడం కూడా.

కీమో ఎక్కిన పిల్లలకు తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటిందంటే రాత్రా పగలా అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. పర్లాకిమిడి నుంచి చేరేసరికి సగం రోజు పోతుంది. ఆ ఎనిమిది నెలలు ఆసుపత్రి దగ్గర గది తీసుకోక తప్పలేదు. అద్దె నెలకు 5,500. ఎనిమిది నెలలకు 44,000, కరెంటు 4,870. పండగకి వాళ్లని ఇంటికి పంపినప్పుడు జ్వరం వచ్చి రాత్రికి రాత్రి కారు మాట్లాడాల్సి వచ్చింది. దాని కిరాయి 6,500 ప్రయాణాల లెక్కలో ఉంది. ప్రయాణాల్లో అన్నిటికంటే పెద్ద పద్దు అదే.

సరుకుల ఖర్చు ఎక్కువనిపించడం సహజమే. ఈ పిల్లలకు బయటి తిండి పనికిరాదు. అప్పుడే వండి వేడిగా పెట్టాలి, నీళ్లు కాచి చల్లార్చి తాగించాలి, పచ్చివి పెట్టకూడదు. అందుకే పొయ్యి, కుక్కరు, గిన్నెలు కొన్నాం. స్టెరాయిడ్ వేసిన నెలలో పాపకి ఆకలి ఎలా ఉండేదంటే, అర్ధరాత్రి లేచి పప్పూ అన్నం కావాలని ఏడ్చేదట. వాళ్ల నాన్న ఫోన్‌లో ఈ సంగతి చెబుతూ నవ్వాడు. ఆ నెల సరుకుల బిల్లు చూసి మా కోశాధికారి కూడా నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

కార్డు సంగతి

"సర్కారు కార్డు ఉంది కదా, 58 వేలు దేనికి?" ఇది రెండో ప్రశ్న. 2025లో మన ఒడిశా రాష్ట్రం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇచ్చిన కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. వేరే రాష్ట్రంలో అయినా పథకంలో నమోదైన ఆసుపత్రిలో చెల్లుతుంది. మనకి ఆనుకునే ఉన్న పాతపట్నం పిల్లలకి ఆంధ్రా ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, అది మనకి వర్తించదు. మాట్లాడేది తెలుగే అయినా రేషన్ కార్డు ఒడిశాది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే రేషన్ కార్డులో పాప పేరే లేదు. కార్డు చేయించినప్పటికి పాప పుట్టలేదు, తర్వాత ఎక్కించలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, జనన ధ్రువపత్రంలో ఇంకోలా ఉంది. ఒడియాలో రాసినదాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు తెలుగు ఇంటిపేర్లు ఎలా చెడిపోతాయో మీకు తెలియంది కాదు. అవి సరిచేసి కార్డు పనిచేసే లోపల ఎముక మజ్జ పరీక్ష, లుకేమియా ఏ రకమో తేల్చే పరీక్షలు, మొదటి మందులు ఆగవు. ఆ బిల్లులు, ఆ తర్వాత కార్డులో లేని కొన్ని మందుల బిల్లులు కలిసి 58,310. కార్డు మొదలయ్యాక పెద్ద బిల్లు మన దగ్గరికి రాలేదు. జెరాక్సులు, అఫిడవిట్లకు 2,340 ఎందుకైందో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి ఈ లెక్క చదివేవాళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లు ఇవాళే రేషన్ కార్డు తీసి చూసుకోండి. పిల్లల పేర్లు ఎక్కాయా, ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో స్పెల్లింగు ఒకటేనా? జ్వరం వచ్చాక తహసిల్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎంత టెన్షనో మేం చూశాం.

ప్రధానమంత్రి సహాయ నిధికి కూడా ఆదాయ ధ్రువపత్రం, ఆసుపత్రి ఇచ్చిన అంచనా జతచేసి దరఖాస్తు పెట్టించాం. మంజూరైతే ఆ సొమ్ము నేరుగా ఆసుపత్రికే వెళుతుంది, మన ఖాతాకి రాదు.

రైల్వే రాయితీ చాలామందికి తెలియదు. ఆసుపత్రి ఇచ్చే ఫారం చూపిస్తే వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే పాసింజరు చవకే గానీ, తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఆ జనంలో పాపని ఎక్కించడం ప్రమాదం. అప్పుడు కారే.

రక్తం

దీని గురించి డబ్బు లెక్కలో చెప్పగలిగింది 21,900 మాత్రమే. అసలు ఖర్చు కుర్రాళ్ల ఒంట్లోంచి పోయింది. ప్లేట్‌లెట్లు తీశాక ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, అందుకని ముందే దాచిపెట్టుకోలేం. ఫోన్ వచ్చినప్పుడు మనిషి దొరకాలి. గాజువాకలో గదులు తీసుకుని పనిచేసుకుంటున్న మన ఊరి కుర్రాళ్లు ఒక వరస పెట్టుకున్నారు: ఎవరు ఎప్పుడిచ్చారు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు అని. రక్తం ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ప్లేట్‌లెట్లు ఒక్కటే ఇచ్చినవాళ్లు అంత ఆగక్కర్లేదు. పొద్దున్నే టిఫిన్ తినిపించి, ఆటో ఎక్కించి పంపిన ఖర్చు తప్ప వాళ్లు ఒక్క రూపాయి ముట్టలేదు. వాళ్ల పేర్లు రాద్దామంటే వద్దన్నారు.

ఇవ్వనివి

ఆకు మందుతో మూడు నెలల్లో తగ్గిస్తానని ఒకాయన వచ్చాడు. కీమో ఆపి తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు, ముందు 20,000 అడిగాడు. కమిటీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఈ విషయంలో పాప మేనమామకి మా మీద కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదు. మొక్కులకు కూడా ఈ ఖాతా నుంచి తీయలేదు. మొక్కుకున్నవాళ్లు సొంత డబ్బుతో తీర్చుకున్నారు.

వాళ్లమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి. విడిపించమని వీధిలో కొందరు ఆడవాళ్లు పట్టుబట్టారు. కమిటీలో మాలో మాకే మాట తేలలేదు. పాప మాత్రల దశ అయ్యేదాకా ఆ సొమ్ము చేతిలో ఉండడమే మంచిదని ప్రస్తుతానికి ఆపాం. ఎవరైనా దానికోసమే విడిగా ఇస్తామంటే విడి రసీదు రాస్తాం.

నిల్వ

జమ 3,30,116లో ఖర్చు 2,59,100 పోగా మిగిలింది 71,016. అందులో విశాఖ గదికి కట్టిన అడ్వాన్సు 11,000 ఇంటి ఓనరు దగ్గర ఉంది. బ్యాంకులో 57,516, కోశాధికారి చేతిలో 2,500. ఖాతా ముగ్గురి పేరు మీద ఉంది, ఏ సొమ్ము తీయాలన్నా ఇద్దరి సంతకం కావాలి.

పాప ఇప్పుడు ఇంటికొచ్చింది. జుట్టు మొలుస్తోంది. రోజూ సాయంత్రం మాత్రలు, కొన్నాళ్లకోసారి విశాఖలో చూపించుకోవడం, రక్త పరీక్షలు. వాటికి నెలకు 2,500 దాకా అవుతుందని మా అంచనా. అడ్వాన్సు కాక చేతిలో ఉన్న నిల్వ రెండేళ్లకు సరిగ్గా సరిపోతుంది, మధ్యలో ఆసుపత్రిలో ఉండాల్సిన జ్వరం ఒక్కటి వస్తే చాలదు. అయినా ఇప్పుడు కొత్త వసూలు పెట్టడం లేదు. రసీదు పుస్తకాలు మూసేశాం. కమిటీ పేరు చెప్పి ఎవరైనా చందా అడిగితే ఇవ్వకండి, మాకు చెప్పండి. పాప నాన్న మళ్లీ సంతలకు వెళుతున్నాడు. నెలకు 4,000 ఇవ్వడం ఏప్రిల్ నుంచి ఆపమని ఆయనే చెప్పాడు, ఆపాం.

ఇంటికి చూడ్డానికి వెళ్లేవాళ్లు జలుబు, దగ్గు ఉంటే వెళ్లకండి. అమ్మవారు పోసిన పిల్లలున్న ఇంటివాళ్లు అసలే వెళ్లొద్దు. స్వీట్లు, పూలు తీసుకెళ్లకండి.

బిల్లులు, రసీదుల అసలు ప్రతులు, పాస్‌బుక్ కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఏ ఆదివారం పొద్దున్నైనా వచ్చి చూసుకోవచ్చు. మీరిచ్చిన మొత్తం మీ పేరు పక్కన తప్పు పడితే రసీదు తీసుకురండి, మీ ముందే దిద్దుతాం. గది మార్చి 31న ఖాళీ చేశాం. చివరి కరెంటు బిల్లు చూసుకుని ఏప్రిల్‌లో అడ్వాన్సు ఇస్తానని ఓనరు అన్నారు. రాగానే ఖాతాలో వేసి ఇదే గోడ మీద రాస్తాం.