పంచదార పుర్రెలకి ఫ్రిజ్ పనికిరాదు

సంపాదకులవారికి,

మెక్సికోవాళ్ల 'చనిపోయినవారి రోజు' మీద మీ పిల్లల పేజీలో వేసిన వ్యాసం, దాని కింద 'మీరే చేయండి' అని ఇచ్చిన, ఆ పండగకి చేసే పంచదార పుర్రెల పద్ధతి చూశాక ఈ ఉత్తరం. వ్యాసంలో తప్పు పడితే సవరణ వేసుకోవచ్చు. కొలతల్లో తప్పు పడితే పిల్లల చేతిలో మిగిలేది పానకం. కిలో పంచదారలో గ్లాసు నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. రెండూ కుదరవు.

కిలోకి తడి ఆరు టీ చెంచాలు మించకూడదు. ఒక గుడ్డు తెల్లసొన ఇంచుమించు అంతే ఉంటుంది, జిగురు కూడా అదే ఇస్తుంది, వేరే నీళ్లు అక్కర్లేదు. పంచదార గింజ లావుగా ఉంటే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి ఆపాలి. చేత్తో బాగా కలిపి గుప్పెట బిగించి తెరిస్తే వేళ్ల గుర్తులు చెదరకుండా నిలవాలి. పొడిపొడిగా రాలితే నాలుగు చుక్కలు చిలకరించాలి, అరచేతికి అంటుకుంటే మరో గుప్పెడు పంచదార వేయాలి. అచ్చులో బొటనవేలితో గట్టిగా అదిమి, వెనక చదునుగా గీకి, ఆలస్యం చేయకుండా అట్టముక్క మీద బోర్లించాలి. స్టీలు పళ్లెం వద్దు. అట్ట అడుగు చెమ్మని పీల్చేస్తుంది, పళ్లెం పీల్చదు, దాంతో దవడ దగ్గర మెత్తబడి కూలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే ఏమవుతుందో చల్లటి నీళ్ల సీసాని చూస్తే తెలుస్తుంది, ఒళ్లంతా చెమటే.

పొడి గాలిలో ఒక్క రాత్రికి ఆరే పుర్రెకి అక్టోబరు ఆఖరులో మన కోనసీమ గాలిలో రెండు రోజులు పడుతుంది. ముసురు పట్టిన రోజున మొదలుపెట్టకపోవడమే మంచిది. బల్ల కాళ్ల కింద నీళ్ల మూకుళ్లు పెట్టకపోతే చీమలు ముందుగా పండగ చేసుకుంటాయి. పూర్తిగా ఆరాక రంగులు వేయాలి. ఒక తెల్లసొనలో రెండు వందల గ్రాముల పంచదార పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, గరిటె ఎత్తితే ముద్ద నిలిచేదాకా గిలకొట్టి, రంగు కలిపి, గోరింటాకు కోనులాంటి దానిలో నింపి గీతలు పెట్టాలి. నుదుటి మీద పేరు రాస్తారు. అక్కడ బతికున్న స్నేహితుల పేర్లు రాసి బహుమతిగా కూడా ఇచ్చుకుంటారు. పచ్చి సొన పడింది కాబట్టి ఇవి అలంకారానికే, తినడానికి కాదని తప్పకుండా రాయండి.

మెక్సికోలోని తొలూకా ఊరి పనివాళ్ల పద్ధతి వేరు. మన తీర్థాల్లో అమ్మే పంచదార చిలకలు చేసేవాళ్లకి అది ఇట్టే అర్థమవుతుంది. మనకి చెక్క అచ్చు, వాళ్లకి మట్టి అచ్చు. పాకం అంటుకోకుండా రెండింటినీ ముందు నీళ్లలో నానబెట్టాలి, రెండు ముక్కలూ కలిపి కట్టాలి, కాగిన పాకం పోయాలి. తేడా ఒక్కటే, వాళ్లు గోడ గట్టిపడగానే నడుమనున్న పాకాన్ని తిరిగి ఒంపేస్తారు. అందుకే ఆ పుర్రె లోపల బోలు. తొందరపడి ఒంపితే గోడ పలచనై చిట్లుతుంది, ఏమరితే గడ్డ కడుతుంది.

ఇక వ్యాసం సంగతి. దాన్ని దెయ్యాల పండగ అన్నారు. నవంబరు 1న పిల్లలు, 2న పెద్దలు ఇంటికి వస్తారని వాళ్ల నమ్మకం. వచ్చేది చుట్టాలు, దెయ్యాలు కావు. 'ఒఫ్రెందా' అనే మెట్ల పీట మీద ఫొటో, దాహానికి గ్లాసుడు నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, మన సాంబ్రాణిలా పొగ వేసే కొపాల్ బంక, పోయినవాళ్లకి ఇష్టమైన వంటకాలు పెడతారు. సంక్రాంతినాడు ఫొటో ముందు కొత్త బట్టలు, అరిసెలు, తాతకి అలవాటుంటే చుట్ట కూడా పెట్టి 'పెద్దలకి పెట్టుకునే' మన జిల్లాలవాళ్లకి ఇది కొత్త కాదు. నవంబరు 2న సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలూ మన ఊళ్లలో ఉన్నాయి. ఎక్కడో హాలోవీన్‌తో పోల్చే బదులు వీటితో పోల్చాల్సింది.

'ప్రాచీన ఊరేగింపు' అని వేసిన ఫొటో మెక్సికో సిటీది. ఆ ఊరేగింపు 2016లో మొదలైంది, అదీ అంతకు ముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాలో చూపించాక! ఈ పండగ బొమ్మల్లో కనిపించే పూల టోపీ అస్థిపంజరం అమ్మగారు కూడా పురాణకాలంనాటి దేవత కాదు. 1913లో చనిపోయిన హొసే గ్వాదలూపే పొసాదా అనే చిత్రకారుడు, సొంత జాతిని దాచుకుని దొరసానుల్లా ముస్తాబయ్యేవాళ్లని ఎగతాళి చేస్తూ చెక్కిన బొమ్మ అది.

'మన బంతిలాంటి పువ్వు' అని రాశారు. లాంటిది కాదు, అదే. గొబ్బెమ్మల మీద గుచ్చే, కడియం నర్సరీల్లో నారు దొరికే ముద్దబంతికి పుట్టిల్లు మెక్సికో. విత్తనాల పొట్లం మీద ఆఫ్రికన్ అని ఉన్నా సరే. అక్కడ దాన్ని సెంపసూచిల్ అంటారు, అక్కడి ఆదివాసుల నావాత్ల్ భాషలో 'ఇరవై పువ్వు' అని. వీధి గుమ్మం నుంచి పీటదాకా రెక్కలు పరిచి వాసనతో దారి చూపిస్తారు. రెక్కలు అదే సాయంత్రం, తడి లేని పువ్వుల నుంచే దూయాలి. తడివి కుప్ప పోస్తే వేడెక్కి తెల్లారేసరికి నల్లబడతాయి.

ఫ్రిజ్ మాట వెంటనే సవరించండి. నవంబరు 2కి చేద్దామనుకునే పిల్లలు అక్టోబరు 30కే అచ్చు వేసుకోవాలి.

— చేతిపనుల శిక్షకులు, అమలాపురం